ఎరుపు పడిన వరుస

బెంచీకి ఒక కాలు పొట్టి. అటు చివర మంచుదొర కదిలితే ఇటు చివర నేను లేస్తున్నాను, నేను సర్దుకుంటే అతను లేస్తున్నాడు. ఇద్దరం ఒక్క క్షణం కదలకుండా కూర్చుంటే ఈ బెంచీ ఏ పక్కకు వాలి ఆగుతుందో చూడాలని నాకు కుతూహలం, కానీ అతని మోకాలు ఆగడం లేదు. మంచుదొర అన్నది అతని పేరు కాదు. చల్లబెట్టిన వ్యానులో మందుల పెట్టెలు తెచ్చే డ్రైవరు కాబట్టి గోదాములో అందరూ అలా పిలుస్తారు, ఎర్రటి ఎండలో కూడా స్వెట్టరు విప్పడు కాబట్టి ఆ పిలుపు ఇంకా గట్టిగా అతుక్కుంది. ఎదురుగా మూసిన తలుపు, తలుపు వెనక విచారణాధికారి. ఒక బ్యాచి మందు వేడెక్కి పాడైపోయింది. అది ఎవరి చేతిలో పాడైందో తేల్చి ఈ పూటే ఆ మనిషిని ఉద్యోగంలోంచి తీసేస్తారు. తేల్చేది మాత్రం అధికారి కాదు, నేను తయారు చేసిన రిపోర్టు. నన్ను పిలిచేది ఒక్క మాట చెప్పడానికి, రిపోర్టు సరైనదే అని. ఆ మాటను నోట్లో నానబెట్టుకునే ఇంటి నుంచి బయలుదేరాను, ఇప్పుడు దాని రుచి తెలియడం లేదు. సంచిలో ఒక కాగితం ఉంది, నిన్న తీసింది. అందులో తప్పు ఎవరిదో చూపే ఎరుపు మంచుదొర వరుస మీద పడింది. చొక్కా జేబులో నాలుగు మడతల్లో ఇంకో కాగితం ఉంది, ఫైలు కోసం మరో ప్రతి ఉంటే మంచిదని ఈ పొద్దున తీసింది. అందులో ఎరుపు గోదాములో సరుకు దించుకునే స్టోరమ్మ వరుస మీద పడింది. మధ్యలో ఎవరూ ఏమీ మార్చలేదు. నేనూ మార్చలేదు. మార్చలేదనే అనుకుంటున్నాను.

మార్చలేదు. అదే మీట, అదే వేలు, కళ్ళజోడు కూడా అదే. కళ్ళను నమ్మకూడదు, అది నాకు పాత నియమం, అందుకని రెండు కాగితాలనూ కిటికీ అద్దానికి ఆనించి ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాను. అన్ని వరుసలూ అతికినట్టు సరిపోయాయి, కింద మొత్తం సరిపోయింది, ఒక్క రెండు వరుసలు మాత్రం ఒకదాని చోటులోకి ఒకటి వెళ్ళాయి. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. మందు చలిగది దాటి బయట గడిపిన నిమిషాలు ఒక్కో వరుసగా చేరతాయి, అవి ఎవరి అధీనంలో గడిచాయో ఆ పేరు పక్కన ఉంటుంది, కుడివైపు గడిలో పైనుంచి అక్కడిదాకా కూడుతూ వచ్చిన మొత్తం ఉంటుంది. రన్నింగ్ టోటల్ అంటారు, పరుగెత్తే మొత్తం. అది పరుగెత్తడం నేనెప్పుడూ చూడలేదు, మెట్లు దిగే ముసలివాడిలా ఒక్కో వరుస మీద కాలు మోపుతూ దిగుతుంది. మందు తట్టుకునే వేడికి ఒక హద్దు ఉంది. ఆ హద్దు దాటిన మొదటి వరుస ఎర్రబడాలన్నారు పైవాళ్ళు, చూడగానే మనిషి తెలిసిపోవాలన్నారు. చూడగానే తెలిసిపోయే సంగతుల మీద నాకు ఎప్పుడూ అనుమానమే, భూమి బల్లపరుపుగా ఉందని కూడా చూడగానే తెలిసిపోతుంది. అయినా అడిగారు కాబట్టి చేశాను. వరుసలను కాలక్రమంలో పేర్చమన్నాను. రెండు వరుసలకు ఒకే సమయం ఉంటే ఏది ముందో చెప్పలేదు, చెప్పమని ఎవరూ అడగలేదు, అలాంటప్పుడు సాఫ్ట్‌వేరు తనకు తోచినట్టు పేరుస్తుంది. తోచడం కూడా కాదు, దానికి తోచడానికి లోపల ఎవరున్నారు? ఏది ముందు చేతికందితే దాన్ని ముందు పెడుతుంది. నిన్న ఒకటి అందింది, ఇవాళ ఒకటి అందింది. బడిలో లెక్కల మాస్టారు గోళీలు చూపించి ఎటునుంచి కూడినా మొత్తం మారదర్రా అన్నప్పుడు నాకు ఎంత ధైర్యం కలిగింది, ప్రపంచంలో కనీసం ఒక్కటి మన తొందరపాటుతో పాడవదు అని. ఆయన చెప్పింది అబద్ధం కాదు, మొత్తం మారలేదు, దారిలో నిలబడ్డ మనిషి మారాడు, దాని గురించి ఆయన ఏమీ చెప్పలేదు. లేక చెప్పాడా, నేను కిటికీలోంచి బయటికి చూస్తున్నానా.

"గురువుగారూ, లోపల ఏమడుగుతారంటారు?" అన్నాడు మంచుదొర.

"రిపోర్టు గురించి అడుగుతారు."

"అది మిమ్మల్ని. మరి నన్నో?"

"తెలీదయ్యా."

"మీకే తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుందండీ, ఎరుపు వేసింది మీరేగా." నవ్వాడు, నవ్వుతూనే మోకాలు ఆడించాడు, బెంచీ ఊగింది. "మా ఆవిడకి చెప్పలేదండీ. చెబితే ముందు నన్ను వాయిస్తుంది, తర్వాత కూర్చుని ఏడుస్తుంది. రెండూ చూసే ఓపిక లేక ఊరుకున్నా. ఇల్లు సరే, ఈ ముద్ర ఒకసారి పడ్డాక ఇంకో కంపెనీవాడు స్టీరింగు ముట్టుకోనిస్తాడా? నాకు బండి తోలడం తప్ప ఇంకేం వచ్చు చెప్పండి, పాటా పద్యమా?"

ముందు ఏడ్చి తర్వాత వాయించినా మొత్తం అంతేనయ్యా అనబోయాను, ఇది జోకుల వేళ కాదు, అతను వేస్తున్నవి జోకులు కావు. జేబులో కాగితం కొస గుండెకు గుచ్చుకుంటోంది. దాన్ని బయటికి తీస్తే ఇతను బతుకుతాడు, తీయకపోతే పోతాడు. ఇది తిన్నగా ఉంది, ఇక్కడి దాకా గందరగోళం లేదు. తీసిన క్షణంలో స్టోరమ్మ పోతుంది, అక్కడే దారి రెండుగా చీలుతోంది. ఇద్దరిలో ఎవరు చేసినట్టు? ఎవరు ముందు? ముందు అనే మాట ఎంత మామూలుగా వాడతాం, నువ్వు ముందా నేను ముందా, ముందు చెయ్యి కడుక్కో, ముందు పుట్టినవాడు. అది తాకితే చేతికి తగిలే వస్తువు అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఎక్కడో పంపు తిరుగుతోంది, గోడలో నీళ్ళు పారుతున్న చప్పుడు, బెంచీ మళ్ళీ ఊగింది, కిర్రుమంది, ఆ కిర్రుతో కుర్చీ పిన్ని నా తలపులోకి వచ్చి కూర్చుంది. కూర్చోలేదు, కుర్చీ పిన్ని ఎక్కడా కూర్చోదు.

తాతయ్యకు ఒక పడక కుర్చీ ఉండేది. ఆయన స్థూలకాయుడు, అందులో పడి ఊగకుండా ఆయనకు ఆలోచన సాగేది కాదు. మావయ్య బల్బు మార్చాలన్నా బూజు దులపాలన్నా దాని చేతుల మీద కాళ్ళు పెట్టి ఎక్కేవాడు. మేం పిల్లలం మధ్యాహ్నాలు దాన్ని ఓడ చేసి అందరం ఒక్కసారే ఎక్కి తుఫానులు సృష్టించేవాళ్ళం. పిన్ని అమ్మకు ఆఖరి చెల్లెలు, గాలి వేస్తే కిటికీ చువ్వ పట్టుకోవాలి అన్నంత పలచటి మనిషి. ఒక సాయంత్రం ఎవరికో జడ వేయడానికి దాని అంచున కూర్చుంది, కుర్చీ వెనక కాలు ఫెళ్ళుమంది. అమ్మమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, "చూసుకుని కూర్చోవచ్చు కదటే, ఏనుగులాగా!" అంది. అంతే. ఆ రోజునుంచి ఆమె కుర్చీ పిన్ని. చుట్టాలు కలిసిన ప్రతిచోటా బాబాయి, "ఒరేయ్, మా ఆవిడకు ఇనప కుర్చీ వేయండర్రా" అంటాడు, అందరికంటే ముందు ఆమే నవ్వుతుంది. ముందు. నవ్వి చాప వేసుకుని కింద కూర్చుంటుంది, ఇప్పుడు మోకాళ్ళు అరిగిపోయాయి, గోడ పట్టుకుని ఒక్కో కీలును బతిమాలుకుంటూ లేస్తుంది, అయినా ఎవరింట్లోనూ కుర్చీ ముట్టదు. విరిగిన కాలును చిన్నప్పుడు నేనే చూశాను, లోపల చెక్క పొరలు పొరలుగా నల్లబడి ఉంది, ఏళ్ళ తరబడి చీలుతూ వచ్చిన చెక్క, పైన మాత్రం పాలిష్. కాకి వాలింది, తాటిపండు పడింది. కాకతాళీయం అని ఒక మాట తయారు చేసుకుని, దాన్ని వ్యాసాల్లో వాడుకుని, మళ్ళీ ఇంటికొచ్చి కాకినే రాయి పెట్టి కొడతాం. కాకి బరువు సున్నా కాదు కదా అని ఎవరైనా అంటే? సున్నా కాదు. పిన్ని బరువూ సున్నా కాదు. అక్కడే నా ఆలోచనకు ఎప్పుడూ కాలు తట్టుకుంటుంది.

మెట్ల మీద తాళాల గుత్తి చప్పుడు, స్టోరమ్మ వచ్చింది, రెండు చేతుల్లో మూడు కాగితపు కప్పులు ఇరికించుకుని, టీ ఒలకకుండా మోచేతులతో నడుస్తున్నట్టుగా. గోదాము అరుగు మీద సరుకు దించుకునే మనిషి, రోజంతా నిలబడే పని, సాయంత్రానికి ఆమె చీలమండలు చెప్పులోంచి పొంగి బయటికొస్తాయి. పై అంతస్తులో ఖాళీ అయిన స్టోరు పర్యవేక్షణ ఆమెకే ఇస్తారని ఖాయంగా అనుకుంటున్నారు.

"తీసుకో అన్నయ్యా. ఏమయ్యా దొరా, ముఖం అలా వేలాడేశావేంటి, పన్ను పీకించుకోడానికొచ్చినట్టు?"

"పన్నయితే ఒక్కటే పోయేది కదా."

"నోరు మూసుకుని టీ తాగు. నువ్వెళ్ళిపోతే నాతో ఎవరు నొక్కుతారు, ఒకటి రెండు మూడూ అని?"

"అదేమిటమ్మా?" అన్నాను.

"అదా? మేమిద్దరం మొదట్లో కొట్టుకు చచ్చేవాళ్ళం అన్నయ్యా. సరుకు అప్పగింత టైము పడే మిషను నేను ముందు నొక్కితే అతను లేటు, అతను ముందు నొక్కితే నేను లేటు. మెమో ఒకసారి అతనికి, ఒకసారి నాకు. ఇలా కాదని ఒప్పందం చేసుకున్నాం. సగం పెట్టెలు వ్యానులో ఉంటాయి, సగం నా అరుగు మీద ఉంటాయి, మొత్తం లోపలికి పోయేదాకా ఇద్దరం నొక్కం. అయిపోయాక ఎవరి మిషను వాళ్ళం పట్టుకుని ఒకటి, రెండు, మూడు అని ఒక్కసారే. ఎవరూ ముందు కాదు, ఎవరూ వెనక కాదు. ఇన్నేళ్ళలో మళ్ళీ ఒక్క మాట అనుకోలేదు."

"మూడు అనేది ఆవిడేనండీ. గొంతు అలాంటిది."

"నువ్వంటే సీసాలు కూడా నిద్రపోతాయి మరి."

టీ వేడిగా ఉంది, నాలుక కాలింది, సంతోషించాను, కాలిన నాలుక ఉన్నవాడు కాసేపు మాట్లాడక్కర్లేదు. అయితే ఆ రెండు వరుసలు ఒకే నిమిషంలో పడటం యాదృచ్ఛికం కాదు, ఎవరూ ముందు కాకూడదని ఇద్దరు మనుషులు శ్రద్ధగా తయారు చేసుకున్న సమానత్వం అది, నేను రాసిన రిపోర్టు దాన్ని అందుకుని అదాటున ఒకరిని ముందుకు నెట్టింది. నేనేమో సమయం కంటే నమ్మకమైన సాక్షి లేదని కాలక్రమం పెట్టాను. సగం వ్యానులో, సగం అరుగు మీద, రెండు చోట్లా ఒకేసారి వేడెక్కుతున్న మందుకు ముందేమిటి, వెనకేమిటి? అసలు ఆ నిమిషాలనూ ఈ నిమిషాలనూ కూడవచ్చా? కూడమన్నారు, కూడాను. స్టోరమ్మ కప్పు అంచు కొరుకుతూ నా వైపు వంగింది. "ఇంతకీ అతని మీదినుంచి ఆ ఎరుపు పోయే దారి ఏమన్నా ఉందా అన్నయ్యా? నీకన్నీ తెలుసు కదా." ఉందమ్మా, నా చొక్కా జేబులో ఉంది, అది అతని మీదినుంచి పోతుంది, గాల్లో కలిసిపోదు, నడుచుకుంటూ వచ్చి నీ మీద కూర్చుంటుంది. తల అటూ ఇటూ కాకుండా ఊపాను, అందులోంచి ఆమె తనకు కావలసిన అర్థం తీసుకుని ఊపిరి వదిలింది.

తిలాపాపం తలా పిడికెడు అని సరిపెట్టుకోనా? అది కూడా చూడగానే తెలిసిపోయే సంగతే, దాన్నీ అనుమానించాలి. మనసులో వరుసలు ఒక్కొక్కటే తీసి చూశాను. మంచుదొర వరుస తీసేస్తే మొత్తం హద్దు దాటదు. అతన్ని మళ్ళీ పెట్టి స్టోరమ్మను తీశాను, దాటదు. కర్మాగారం గుమ్మం దగ్గర లారీ కోసం ఆగిన వరుస తీశాను, దాటదు. దారిలో మజిలీ గోదాములో కరెంటు పోయిన వరుస, అన్నింటిలోకీ పెద్దది, పక్కన మనిషి పేరు లేని వరుస, అది తీశాను, దాటదు. ఎవరిని తీసినా దాటదు, అంటే ప్రతివాడూ దాటించినవాడే, అంటే ఎవడూ ప్రత్యేకంగా కాడు, అంటే ఏమిటి? ఎవరి తప్పూ కాదంటే మందు పాడవలేదా? పాడైంది. ఆ సీసా ఎవరి చేతి నరంలోకో వెళ్ళి ఉంటే, ఆ రోగి దగ్గర నిలబడి ఇది పొరలు పొరలుగా జరిగిందండీ అని చెప్పగలనా? చెప్పలేను. ఎవరో ఒకరి పేరు కావాలనే కోరికను మూఢనమ్మకం అని కొట్టెయ్యడం తేలిక, ఆ కోరిక అడుగున ఒక న్యాయమైన బాధ కూడా ఉంది. నాకు రెండూ ఒకేసారి నిజమనిపిస్తున్నాయి, రెండు నిజాలకు ఒకే సమయం పడితే ఏది ముందో నాకూ ఎవరూ చెప్పలేదు.

తలుపు తెరుచుకుంది, బంట్రోతు తల బయటికి పెట్టాడు. "రిపోర్టాయన ఎవరండీ? లోపలికి. డ్రైవరు కూడా. స్టోరు ఆవిడ ఇక్కడే ఉందా, ఆవిణ్ణి కూడా రమ్మంటున్నారు, సాక్ష్యానికి." ఇద్దరం ఒక్కసారే లేచాం, బెంచీ మొదటిసారి కదలకుండా నిలబడింది. గుమ్మం ఒక మనిషికే పడుతుంది. నువ్వు పద, నువ్వు పద అని వాళ్ళిద్దరూ ఆగారు, నేను ముందు వెళ్ళాను. లోపల రెండే కుర్చీలు, కూర్చోండి అన్నాడు అధికారి, నన్నూ మంచుదొరనూ చూపిస్తూ. స్టోరమ్మ గోడ పక్కన నిలబడింది. "రిపోర్టు సరైనదే కదండీ?" అన్నాడు, జవాబు తెలిసిన ప్రశ్నలా, కలం మూత అప్పటికే తీసి. సంచిలోని కాగితం తీసి బల్ల మీద పెట్టి, మొత్తం సరైనదేనండి అన్నాను. మొత్తం అంటే? కిందిదండి. నా చెయ్యి జేబులోకి వెళ్ళడం చూశాను, నేను పంపానో అదే వెళ్ళిందో, మడతలు విప్పి రెండో కాగితాన్ని మొదటిదాని పక్కన పెట్టింది. స్టోరమ్మ మెడ సాచి చూసింది. ఆమె తాళాలు ఒక్కసారి గల్లుమని ఆగిపోయాయి.

"ఇందులో ఏది కరెక్టు?"

"రెండూనండి."

"రెండూ ఎలా అవుతాయండీ? మనిషి ఒక్కడే కదా."

"మనిషి ఒక్కడే కావాలన్నది మనమండి, రిపోర్టు కాదు."

ఆయన నన్ను కళ్ళజోడు పైనుంచి చూశాడు. "మళ్ళీ తీయండి. నా ఎదురుగా." అధికారి సమక్షంలో సత్యం సర్దుకుని కూర్చుంటుందని ఆయనకు నమ్మకం, ఎవరి నమ్మకం వాళ్ళది. మూలనున్న ప్రింటరు దగ్గింది, వెచ్చని కాగితం పడింది, ఎరుపు మంచుదొర మీద. "చూశారా, మూడింట రెండు!" అన్నాడు, ఎన్నిక గెలిచినవాడిలా. ఇంకోసారి తీయమంటారా అన్నాను. తీశాను, ఎరుపు స్టోరమ్మ మీద పడింది. ఇంకోటి తీయమన్నాడు. మరొకటి. బల్ల మీద కాగితాలు పేరుకున్నాయి, ఎరుపు వాళ్ళిద్దరి మధ్యా బెంచీలా ఊగుతోంది. ఆయన కలం పక్కన పెట్టాడు. "అసలు ఇది పేరు చెబుతుందా, చెప్పదా?"

"అడిగినప్పుడల్లా చెబుతుందండి."

"సార్," అన్నాడు మంచుదొర, ఎవరూ అడగకుండానే. "మొదటి కాగితమే ఉంచేయండి. నాకు బండి కాకపోతే ఇంకోటి. ఆవిడకి పైన కుర్చీ వచ్చే టైము."

"నోర్ముయ్యవయ్యా! మూడు అన్నది ఎవరు, నేనా నువ్వా?" అంది స్టోరమ్మ.

అధికారి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. నేను ఒక కాగితం తీసుకుని ఎర్ర వరుసను అరచేత్తో కప్పి, ఇప్పుడు పైనుంచి చదవండి అన్నాను, అంతకంటే నాకేమీ తోచలేదు. ఆయన వేలు మొదటి వరుస మీద పెట్టి మెట్టు మెట్టుగా దిగాడు, మధ్యలో ఆగాడు. "ఇదేమిటి, మన గోదాముకు రాకముందే ఇంత చేరిందా? ఈ పెద్దదానికి పేరు లేదేం?" పేరు లేని వరుసను ఎరుపు ఉన్నంతసేపు ఎవరూ చూడరండి అన్నాను. "అయితే ఏం చేయమంటారు, అందరినీ తీసేయమంటారా?" నాకు తెలీదండి అన్నాను, ఆ గదిలో నేను నిశ్చయంగా చెప్పగలిగిన మాట అదొక్కటే. ఆయన కలం అందుకుని, పలుకుతూ రాశాడు: రంగు తీసేసి, పేరు లేని వరుసకు వివరణ తెప్పించి, మళ్ళీ సమర్పించవలెను. "మీరిద్దరూ రేపు డ్యూటీకి రండి. ఇది అయిపోయిందని కాదు, అర్థమైందా?" నాకు అర్థం కాలేదు. మంచి చేశానో, పాడైన మందుకు జవాబుదారీ లేకుండా చేశానో, ఆ పేరు లేని వరుసలో రేపు ఏ కరెంటు మనిషిని తెచ్చి నిలబెడతారో. పాలిష్ కింద చెక్క ఇంకా ఎంత నల్లగా ఉందో.

మంచుదొర లేచి తన కుర్చీని గోడ దాకా లాగాడు. "కూర్చో." "పర్లేదులే," అంది స్టోరమ్మ, పిన్ని అనే పర్లేదు, ఆ స్వరం, ఆ నవ్వు, ఆ పొంగిన పాదాలు. "కూర్చోమ్మా," అన్నాను, ఆ గదికి అక్కర్లేనంత గట్టిగా. ఆమె అంచున కూర్చుంది. కుర్చీ కిర్రుమంది. ఆమెతో సహా మేం నలుగురం ఒక్కసారే దాని కాళ్ళ వంక చూశాం.